సిమెంటు రోడ్డు మీద ఐదొందల చుట్లు

మావాడికి 15 నిండాయి. పుట్టినరోజుకి ఏం కావాలిరా అంటే ఫోనో బూట్లో అడుగుతాడనుకున్నాను, బ్రిస్టల్ నైట్ రేసుకి, అంటే ఇక్కడ అమెరికాలో నాస్కార్ అనే సంస్థ రాత్రిపూట నడిపే కార్ల రేసుకి, టికెట్లు కావాలన్నాడు. ఒకటి కాదు, రెండు. రెండోది నాకట. వాళ్ళమ్మ అయితే పడీపడీ నవ్వింది. "కార్లు గుండ్రంగా తిరుగుతుంటే చూడ్డానికి రెండు గంటలు డ్రైవ్ చేసుకుని పోవాలా? మన సందు చివర రౌండెబౌట్ దగ్గర రెండు కుర్చీలు వేస్తాను, కూర్చోండి" అంది. నిజం చెప్పొద్దూ, నా అభిప్రాయమూ ఇంచుమించు అదే. మేం టెనెసీలో నాక్స్‌విల్‌కి వచ్చి 16 ఏళ్ళయింది. నాష్‌విల్ గుడికి వెళ్ళాం, అట్లాంటా గుడికి వెళ్ళాం, ఇండియా నుంచి ఎవరొచ్చినా స్మోకీ కొండలకి తీసుకెళ్ళి అవే ఫొటోలు మళ్ళీ తీశాం. బ్రిస్టల్ వైపు మాత్రం ఒక్కసారీ బండి తిప్పలేదు.

దూరం ఒక్కటే కారణం కాదులెండి. అక్కడ మనలాంటివాళ్ళు ఎవరుంటారు, ఆ జనంలో పిల్లాణ్ణి పక్కన పెట్టుకుని నాలుగు గంటలు కూర్చోవడం ఎలా అని లోపల ఒక బెరుకు. నాస్కార్ అనగానే నా కళ్ళ ముందు కదిలేది కార్లు కాదు, పికప్ ట్రక్కుల వెనక రెపరెపలాడే ఆ పాత కాన్ఫెడరేట్ జెండా, బానిసత్వం పోకూడదని అంతర్యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల జెండా. ఆ మాట బయటికి అనకుండా "వేడెక్కువ, జనం ఎక్కువ" అన్నాను. వాడు ఊరుకోడుగా. ఆ జెండాని 2020 జూన్‌లో రేసుల దగ్గర నిషేధించారు నాన్నా, బబ్బా వాలెస్ అని నల్లజాతి డ్రైవర్ అడిగాడు, రెండు రోజుల్లో తీసేశారు అని చెప్పాడు. నేను జెండా ఊసే ఎత్తలేదు. వాడికెలా తెలిసిపోయిందో.

చివరికి నన్ను ఒప్పించింది మాత్రం కాంక్రీటు. నేను సివిల్ ఇంజనీర్ని. కార్ల సంగతి అడిగితే రంగు చెప్తాను తప్ప ఇంజను చెప్పలేను, రోడ్డు గురించి అడిగితే మాత్రం తెల్లవార్లూ చెప్తాను. ఆ ట్రాక్ తారుది కాదు నాన్నా, కాంక్రీటుది అన్నాడు. అంటే మన ఊళ్ళో సీసీ రోడ్డేనా అన్నాను. అదేంటన్నాడు. వాడికి సీసీ రోడ్డంటే తెలియకుండా పెంచామా అని ఒక్క క్షణం మనసు చివుక్కుమంది, తర్వాత ఇద్దరం కూర్చుని చదివాం. చుట్టు చూస్తే అర మైలు పైన కాస్త, మన లెక్కలో 860 మీటర్లు కూడా లేదు. మొదట్లో తారే ఉండేది, ఆ ఏటవాలు మలుపుల్లో ఒకటిన్నర టన్నుల కార్లు ఒరుసుకుంటూ పోతుంటే తారు పెచ్చులుగా లేచిపోయేది. అందుకని 1992లో మొత్తం కాంక్రీటు చేశారు. 2007లో మళ్ళీ పోసినప్పుడు మలుపు వాలు కింద 24 డిగ్రీలు, పైకి పోయేకొద్దీ ఇంకా ఎక్కువ. నాకు అక్కడ ఊపిరి ఆగింది. అంత వాలు మీద తడి కాంక్రీటు కిందికి జారిపోకుండా పోసి, చదును చేసి, ఆరబెట్టడం ఎంత పనో మా వృత్తివాళ్ళకే తెలుస్తుంది. పైగా అలా పోశాక కార్లు పక్కపక్కన హాయిగా పోతున్నాయి, ఎవరూ ఎవర్నీ గుద్దుకోవట్లేదు, మజా లేదు అని జనం గోల పెడితే 2012లో పై వరస కాంక్రీటుని చెక్కేశారట! బాగున్న రోడ్డుని గుద్దుకోవడం కోసం పాడుచేయమని అడిగిన ప్రజలు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండరనుకుంటా.

అలా 2024 సెప్టెంబరు 21, శనివారం సాయంత్రానికి అక్కడున్నాం.

సొంత తిండి లోపలికి తెచ్చుకోనిస్తారని మావాడు ముందే చెప్పాడు. ఇది మాత్రం నాకు భలే నచ్చింది, అమెరికాలో కొన్ని స్టేడియాల్లో నీళ్ళ సీసా కూడా పట్టుకెళ్ళనివ్వరు. వాళ్ళమ్మ అప్పటికి మెత్తబడి పులిహోర, పెరుగన్నం, దోసావకాయ సర్ది ఇచ్చింది. మా సీట్లు కింద వరసల్లో, చవగ్గా దొరికాయని తీశాను. చవక ఎందుకో కాసేపటికి అర్థమైంది. టైరు అరిగినప్పుడు చిన్న చిన్న రబ్బరు ముక్కలు లేచొచ్చి జనం మీద పడతాయి. నాకది తెలియదు. మధ్యలో పెరుగన్నం డబ్బా తెరిచి, ఇవాళ ఆవాలు ఎక్కువ పడ్డాయేంటి అనుకుంటూ చెంచాతో ఒకటి తీసి చూద్దును కదా, సాగుతోంది. మావాడు చూసి సీటులోంచి జారిపోయేంతగా నవ్వాడు. పైన పైన తీసేసి మిగతాది తిన్నాం, వాళ్ళమ్మకి చెప్పలేదు, ఇప్పుడు చదువుతుంది.

రేసు మొదలు కాకముందు పక్క సీటు పెద్దాయన మాట కలిపాడు. డెబ్బై దాటుంటాయి. పులిహోర వాసనకి ఇటు తిరిగాడు, అదేంటన్నాడు, చింతపండు అన్నం అన్నాను, అలాగా అన్నాడు, తింటారా అంటే వద్దన్నాడు. అంతే, సినిమాల్లోలాగా ఆయన తిని కళ్ళనీళ్ళు పెట్టుకోవడం లాంటిదేమీ జరగలేదు. తర్వాత మావాణ్ణి అడిగాడు, ఎక్కణ్ణుంచి బాబూ అని. నాక్స్‌విల్ అన్నాడు వీడు. కాదు, అసలు ఎక్కణ్ణుంచి అన్నాడాయన. "ఇండియా" అని నా నాలుక చివరిదాకా వచ్చేసింది, ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి అదే జవాబు అలవాటు. మావాడు తడుముకోకుండా "ఫారగట్" అన్నాడు. ఫారగట్ అంటే నాక్స్‌విల్ పక్కన మేం ఉండే ఊరు. వెటకారంగా అన్నాడా, నిజంగానే అన్నాడా అని వాడి మొహం చూశాను, ఏమీ తెలియలేదు. పెద్దాయన ఓహో అని, అక్కడ మా చెల్లెలుంటుంది అన్నాడు. ఇద్దరూ ఏదో హైవే పనుల గురించి తిట్టుకున్నారు. నేను ఇండియాని మింగేసి పులిహోర తిన్నాను.

ఇక శబ్దం. దాని గురించి రాయాలంటే మాటలు చాలవు. దాదాపు లక్షన్నర మంది పట్టే గిన్నె అది, అడుగున కార్లు, చుట్టూ కొండల్లాగా సీట్లు, శబ్దం బయటికి పోయే దారే లేదు. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ ఉన్నా రొమ్ములో కొడుతుంది. చుట్టుకి 15, 16 సెకన్లు. ఇటు చూసి అటు చూసేలోపు మళ్ళీ వచ్చేస్తాయి. అలా 500 చుట్లు, అంటే సుమారు 430 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్ళి తిరిగొచ్చినంత దూరం గిన్నెలోంచి కదలకుండా.

మావాడు స్కానర్ అద్దెకి తీసుకున్నాడు, రెండు హెడ్‌సెట్లతో. డ్రైవర్లు వాళ్ళ టీములతో మాట్లాడుకునేది మనమూ వినొచ్చు. అక్కడ నాకు అర్థమైన మొదటి సంగతి ఏంటంటే డ్రైవరుకి పక్కన ఎవడున్నాడో సరిగ్గా కనపడదు, మెడ తిప్పే వీలుండదు. పైన స్టేడియం కప్పు మీద స్పాటర్ అని ఒకతను నిలబడి చెవిలో చెప్తూనే ఉంటాడు. లోపలున్నాడు, ఇంకా ఉన్నాడు, ఇంకా ఉన్నాడు, క్లియర్. బయటున్నాడు, బంపర్ దగ్గర, క్లియర్. మూడు గంటలు ఇదే, ఆపకుండా, ఒకే గొంతుతో. మా బాపట్ల వైపు సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలు పెట్టేవాళ్ళు, మా నాన్న భుజం మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు, అక్కడ మైకులో ఒకాయన ఇలాగే అలుపు లేకుండా చెప్పేవాడు, ఎన్ని అడుగులు లాగింది, ఇంకా ఎన్ని నిమిషాలుంది అని. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని ఎడ్ల పళ్ళని బట్టి విభాగాలు. ఇది మావాడికి చెప్దామని హెడ్‌సెట్ తీసి చెవిలో అరిచాను. "పళ్ళా? కార్లకి పళ్ళేంటి నాన్నా?" అని తిరిగి అరిచాడు. తర్వాత చెప్తాలే అన్నాను.

రేసు పరంగా చూస్తే, రేసులు తెలిసినవాళ్ళు ఒప్పుకుంటారు, అది గొప్ప రేసేం కాదు. అదే ఏడాది మార్చిలో అదే కాంక్రీటు మీద టైర్లు కరకరా అరిగిపోయి, ముందున్నవాడు 54 సార్లు మారాడు. సెప్టెంబరులో కైల్ లార్సన్ ఒక్కడే 500లో 462 చుట్లు ముందున్నాడు. అదే రోడ్డు, ఆరు నెలల తేడా. కాంక్రీటు మీద రబ్బరు ఎప్పుడు అంటుకుంటుందో, ఎప్పుడు ఊడిపోతుందో అన్నదాంట్లో అంత మహిమ ఉంది. నేను ఆ ముచ్చట్లో పడి మలుపులో రంగు మారిన చారనే చూస్తూ కూర్చున్నాను, మావాడు 5వ నంబరు కారు తప్ప ఇంకేదీ చూడలేదు. లార్సన్ వాడి మనిషి.

ఎందుకు వాడి మనిషో పార్కింగ్‌లో తెలిసింది. అయిపోయాక గంటసేపు బండి అంగుళం కదల్లేదు, చెవుల్లో ఇంకా హోరు. లార్సన్ వాళ్ళమ్మది జపనీస్ వంశం, రెండో ప్రపంచ యుద్ధంలో ఆమె తల్లిదండ్రుల్ని అమెరికా ప్రభుత్వం శిబిరాల్లో పెట్టింది, అంటే మనలాగా ఆసియా అన్నమాట అన్నాడు. బాగానే ఉంది. కానీ నేనూ ఫోన్లో కాస్త చదివాను కదా. "2020లో ఆన్‌లైన్ రేసులో తన మాట అందరికీ వినపడుతోందని తెలియక నల్లవాళ్ళని తిట్టే ఆ మాట వాడింది ఇతనే కదరా" అన్నాను. కాస్త గెలిచినట్టే అనిపించింది, దాచడం ఎందుకు.

వాడు అవునన్నాడు. టీము తీసేసింది, నెలల తరబడి సస్పెండ్ చేశారు, తర్వాతి ఏడాది వేరే టీములో వచ్చి ఛాంపియన్ అయ్యాడు అన్నాడు. తప్పు తప్పే అన్నాడు. కాసేపు ఊరుకుని, "మొన్న ఉగాదికి మనింట్లో అంకుల్ వాళ్ళు కూడా అలాంటి జోకే వేశారు, తెలుగులో" అన్నాడు. ఎవరు అన్నాను. పేరు చెప్పాడు. "నువ్వు కూడా నవ్వావు నాన్నా."

నాకు గుర్తు లేదురా అందామనుకున్నాను. గుర్తుంది. బబ్బా వాలెస్ టోపీ పెట్టుకుని వీడు ఆ పక్కనే సోఫాలో కూర్చునుండటం కూడా గుర్తుంది. వీడికి తెలుగు రావాలని ఎనిమిదేళ్ళు ప్రతి ఆదివారం తెలుగు బడికి తిప్పాను, అ ఆలు దిద్దించాను, వేమన పద్యాలు బట్టీ పట్టించాను. మొత్తానికి బాగానే వచ్చింది, అన్నీ అర్థమవుతున్నాయి.

ముందు కారు కదిలింది. ఆ రాత్రి కింగ్స్‌పోర్ట్‌లో మోటెల్‌కి చేరేదాకా ఇద్దరం పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. పడుకునే ముందు మాత్రం అంకుల్‌కి నేను చెప్తాలే అన్నాను. సరే అన్నాడు. ఇప్పటిదాకా చెప్పలేదు, ఆయన వచ్చే శనివారం భోజనానికొస్తున్నాడు.

పొద్దున్న వాడే డ్రైవ్ చేస్తానన్నాడు. కొత్త లెర్నర్ పర్మిట్, పక్కన నేను. ఇంటర్‌స్టేట్ 81 అంటే తెలిసినవాళ్ళకి తెలుసు, మొత్తం ట్రక్కులే. మొదటి ట్రక్కు ఎడమ వైపు నుంచి మమ్మల్ని దాటడం మొదలుపెట్టేసరికి వాడి పిడికిళ్ళు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి, నా కాలు లేని బ్రేకుని నొక్కుతోంది. జాగ్రత్త అని అరవబోయి, ఎందుకో, "ఎడమ పక్కనున్నాడు" అన్నాను. "ఇంకా ఉన్నాడు. ఇంకా ఉన్నాడు. ఉన్నాడు. పోయాడు."

"క్లియర్ అనాలి నాన్నా" అన్నాడు రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

వెనక ఇంకోటి వస్తోంది.