నీటి పురుగుల నమూనా: వల నుంచి సీసా దాకా

వాగులో పురుగులు పట్టాలంటే వల నోరు ఎగువకు ఉండేలా అడుగున ఆనించి, దాని ముందు నిలబడి కాలితో రాళ్లు కదపాలి. లేచినవాటిని నీరే వలలోకి తోస్తుంది. వల కన్ను 0.5 మిల్లీమీటర్లు ఉంటే చాలు. మరీ సన్నదైతే బురదతో పూడుకుపోయి నీరు వెనక్కి తంతుంది, పురుగులు పక్కనుంచి జారిపోతాయి. ఒకచోట 3 నిమిషాలు కదిపితే రెండోచోటా 3 నిమిషాలే, లేదంటే పోల్చలేం. చిత్తడి నేలల్లో ప్రవాహం ఉండదు కనుక మొక్కల కాడల మధ్య వలను విసురుగా అటూ ఇటూ ఆడించాలి.

నమూనా ఎక్కువగా పాడయ్యేది మాత్రం సీసాలోనే. పురుగుల ఒంట్లోని నీరు, ఆకుల్లోని నీరు కలిసి, కుళ్లకుండా పోసే ఇథనాల్‌ను (ఆల్కహాల్) పలచన చేస్తాయి, మెత్తబడ్డ పురుగుల కాళ్లు ఊడిపోతాయి. అందుకే 95 శాతం ఇథనాల్ పోయాలి, సీసాలో సగానికి మించి సరుకు నింపకూడదు, మర్నాడు ద్రవం మార్చాలి. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. మామూలు పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది. తూనీగ పిల్లలను ప్రాణాలతో మిగతావాటితో కలిపి ఉంచారా, అవి మిగతావాటిని తినేసి, ట్రే తెరిచేసరికి లెక్క తగ్గుతుంది!

మేఫ్లై, స్టోన్‌ఫ్లై అనే రెండు రకాల కీటకాల పిల్లలు నీటిలోనే పెరుగుతాయి. దొరికింది ఏ పిల్లో తోకలు లెక్కపెట్టి తేల్చేయొద్దు. మేఫ్లైకి మామూలుగా మూడే అయినా కొన్నింటికి స్టోన్‌ఫ్లైలాగే రెండే ఉంటాయి, పైగా ఇట్టే విరుగుతాయి. లెన్సు కింద కాలి కొస చూడండి: మేఫ్లైకి ఒకటే గోరు, స్టోన్‌ఫ్లైకి రెండు.