బతుకమ్మ అలిగిన రోజు

పద్దెనిమిదేళ్ల నుంచి హైదరాబాదులో ఉంటున్నాను, బతుకమ్మ గురించి నాకు తెలియనిదేముందిలే అనుకునేదాన్ని. ఆ ధీమా మొన్న వికారాబాద్ దగ్గర ఓ ఊళ్ళో, ఒక అవ్వ ఇంటి అరుగు మీద పోయింది.

అసలు బయల్దేరిందే కోపంతో. ముందు రోజు మా కాలనీ రోడ్డు పక్కన బతుకమ్మ పేర్చే గునుగు పూల కట్ట యాభై రూపాయలన్నారు. పిడికెడు కూడా లేదు. పైగా తెల్లటి గునుగుని ఏదో ఆకుపచ్చ రంగులో ముంచి తీశారు. "ఇరవైకిస్తావా?" అంటే ఆవిడ నా వైపు చూడను కూడా లేదు. ఇంటికొస్తే అపార్ట్‌మెంటు సెల్లార్‌లో థర్మోకోల్ బతుకమ్మ తయారవుతోంది. ఏటా అదే వాడుకోవచ్చట! పూలు పేర్చి, ఆడి, చెరువులో కలిపేసే పండక్కి థర్మోకోల్ ఏమిటో.

ఆఫీసులో ఈ గోడంతా వెళ్ళబోసుకుంటే మా జూనియర్ అమ్మాయి, "మా నాయనమ్మ దగ్గరికి పోండి మేడం, పూలకు పూలు, అనంతగిరి కూడా చూసొస్తరు" అంది. కారు తీయొద్దనుకున్నాను. రెండు గుడ్డ సంచులు, ఓ స్టీలు సీసా పట్టుకుని లింగంపల్లిలో రైలెక్కాను. టికెట్టు నేను తాగిన చాయ్, తిన్న సమోసా కన్నా చవక. అలా మిగిలిందంతా వికారాబాద్‌లో ఆటో అతను మూడు వందలని వసూలు చేసుకున్నాడనుకోండి.

"బతుకమ్మ ఎన్నింటికి పేరుస్తారవ్వా?" అన్నాను చెప్పులు విడుస్తూ.

"ఇయ్యాల పేర్చరు బిడ్డా. అర్రెం ఇయ్యాల. బతుకమ్మ అలిగింది."

ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు... వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటే నిజమే, ఆరో రోజు. తొమ్మిది రోజుల్లో బతుకమ్మ పేర్చని రోజు అదొక్కటే. ఏరికోరి దానికే సెలవు పెట్టాను.

"ఎందుకలిగిందవ్వా?"

"ఎన్కట ఎవల్దో చెయ్యి, కూర తునుక తగిలిందట. గంతే, మూతి ముడుసుకుంది. రేపు వేపకాయలు పెడితె మల్ల మంచిగైతది." కూర తునుకంటే మాంసం ముక్క. వేపకాయలంటే నిజం వేపకాయలు కావు, బియ్యప్పిండితో ఆ ఆకారంలో చేసి వేయించేవి. నా మొహం చూసి అవ్వకి జాలేసినట్టుంది. "ఆమె అలిగితె మనం పూలకు పోవద్దా? నడువు" అని కొడవలి అందుకుంది.

ఊరు దాటితే చాలు గునుగు ఉంటుందనుకున్నాను. అరగంట నడిచినా లేదు. పత్తి చేలు, కంది చేలు, గట్లన్నీ నున్నగా గీకినట్టున్నాయి. "గడ్డి మందు కొట్టవట్టిరి, గునుగేడ బతుకుతది" అంది అవ్వ. చేలో పడి మొలిచే గునుగు రైతుకి కలుపే కదా. కూలీలు దొరకనివాడు మందు కొట్టక ఏం చేస్తాడు? ఇక తంగేడు పూసే బీడు భూముల్లో రోడ్డు వైపున్నవన్నీ వెంచర్లయ్యాయట. రంగు రాళ్ళు పాతిన ఆ ప్లాట్ల పక్కనుంచే నడిచాం. రాష్ట్ర పుష్పమని తంగేడుకి పేరైతే పెట్టాం.

చివరికి గుట్ట వాలులో, నాగలి ఎక్కని రాళ్ళ నేలలో దొరికింది. నడుమెత్తు గునుగు. తెల్లటి కంకులు, కొసలకి కాస్త గులాబీ. చుట్టూ పచ్చగా తంగేడు. గాలొస్తే గునుగు ఊగింది, తంగేడు ఊగలేదు. నేను ఆత్రంగా తంగేడు కొమ్మ ఒకటి పుటుక్కున విరిచేశాను. అవ్వ నా చేతి మీద ఒక్కటేసింది.

"కొమ్మ ఇర్వకు. మొగ్గలిడిసి పువ్వు దుయ్యి. వచ్చే ఏడు మల్ల మనమే రావాలె కద."

మాది తెనాలి వైపు. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద గుచ్చడానికి గుమ్మడి పూలు కోస్తుంటే మా అమ్మమ్మ కూడా ఇలాగే కొట్టేది, పిందె ఉన్న పువ్వు కోశానని. ఆ దెబ్బ గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు. మధ్యాహ్నం అవ్వ పెట్టిన జొన్నరొట్టె, పుంటికూర పప్పు మూడు సార్లు వడ్డించుకున్నాను. డబ్బులివ్వబోతే సంచిలో ఇంకో కట్ట కుక్కింది.

అనంతగిరిలో గంట కూడా ఉండలేదు. అడవి బాగుంది, పద్మనాభస్వామి గుడి దగ్గర చల్లగా ఉంది. కొండ అంచున మాత్రం బిర్యానీ డబ్బాలు, పగిలిన సీసాలు. మన మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద రోజూ ముక్కు మూసుకుని దాటుతాను, ఇక్కడ రాళ్ళ మధ్య పారుతున్న నీళ్ళలో మొహం కడుక్కున్నాను. అది మూసీలో కలిసే వాగో కాదో అడగలేదు, అవునని అనుకోవడం బాగుంది.

తిరుగు రైల్లో ఎదుటి సీటావిడ నా సంచుల వైపు చూసి, "కట్టెంత?" అంది. అమ్మడానికి కాదన్నాను. "ఇరవైకియ్యరాదు?" అంది. ఒక కట్ట ఊరికే ఇచ్చేశాను. అనుమానంగానే తీసుకుంది.

మర్నాడు పూలు పేర్చాక సంచి దులిపితే నల్లటి గింజలు రాలాయి, ఆవగింజలో సగం కూడా లేవు. బాల్కనీలో ఖాళీ కుండీలో చల్లాను. మా ఆయన తొంగి చూసి, "కలుపు మొక్కల్ని కూడా కుండీల్లో పెంచుతారా ఎవరైనా?" అన్నారు. నీళ్ళు పొయ్యమని చెంబు చేతికిచ్చాను.