జెన్‌కు పుష్ బటన్ బానెట్ లాచ్‌లు: పిన్నులే అసలు పని

మా మారుతి జెన్ కారు ప్రాజెక్టులో పెండింగ్‌లో పడి ఉన్న బానెట్ లాచ్‌ల పని మొత్తానికి అయిపోయింది. కారు 1998 మోడల్, 993 సీసీ. ట్రాక్ డేల (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడుపుకునే రోజులు) కోసమే తయారవుతోంది కాబట్టి ఇనుప బానెట్ తీసేసి ఫైబర్‌ది పెట్టాం. చిక్కంతా అక్కడే మొదలైంది. కంపెనీ లాక్ ముందు మధ్యలో ఒక్కచోటే పట్టుకుంటుంది. ఇనుప బానెట్‌కి లోపల ఫ్రేమ్ ఉంటుంది కాబట్టి అది సరిపోతుంది. ఫైబర్‌కి ఆ బిగువు లేదు, స్పీడు పెరిగేకొద్దీ మూలలు లేస్తాయి.

గాలిని తక్కువ అంచనా వేయకూడదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 47 కిలోల బరువుతో సమానం. 140కి వెళితే 90 దాటుతుంది, ఎందుకంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. గ్రిల్ లోంచి దూరిన గాలి బానెట్‌ని కింద నుంచి నెడుతుంది, పైన పారే గాలి కొన్నిచోట్ల పైకి లాగుతుంది. అందులో సగం పడినా బానెట్ విండ్‌షీల్డ్ మీదికి వచ్చేస్తుంది.

అందుకే ముందు రెండు వైపులా ఒక్కో లాచ్ పెట్టాం, ఏరోక్యాచ్ అనే బ్రాండ్ తరహావి. కారు బాడీ మీద నిలబెట్టిన పిన్ను, బానెట్‌ని కోసి బిగించిన లాచ్‌లోకి దూరుతుంది, లాచ్ బోల్టు దాన్ని పట్టుకుంటుంది. బటన్ నొక్కితే చిన్న లీవర్ పైకి లేస్తుంది, లోపలి బోల్టు పిన్ను రంధ్రం లోంచి జారి బయటికి వస్తుంది. లీవర్ నొక్కి మూస్తే ప్యానెల్‌తో సమంగా కూర్చుంటుంది. వీటిలో తాళం చెవి ఉన్నవి, లేనివి రెండూ దొరుకుతాయి. బండి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది, బటన్ నొక్కి బ్యాటరీ పట్టుకుపోయేవాళ్లకు కొదవ లేదు కాబట్టి నేను చెవి ఉన్నవే తీసుకున్నాను. ట్రాక్ మీదికి వెళ్లేటప్పుడు మాత్రం లాక్ వేయకూడదు. మంటలొస్తే మార్షల్ (ట్రాక్ భద్రతా సిబ్బంది) చెవి కోసం వెతుక్కోలేడు కదా.

చాలామంది ముందు బానెట్ కోసేసి, తర్వాత పిన్నులు దానికి సరిపెట్టాలని చూస్తారు. తిరగేసి చేయాలి. పిన్ను స్థానం ఖాయమయ్యేదాకా బ్లేడు ముట్టుకోకూడదు.

పిన్నులు రేడియేటర్ పైన అడ్డంగా ఉండే సపోర్టు మీద వస్తాయి. ఆ రేకు పల్చన, ఒట్టి వాషర్లు వేస్తే కొన్నాళ్లకే నలిగిపోతుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో 3 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు కొని, రెండు వైపులా రేకు కింద ఒక్కో ముక్క బిగించాను. రేకులోనూ ప్లేటులోనూ గుండ్రటి రంధ్రం కాకుండా కోలగా పెట్టాను, పిన్నుని అటూ ఇటూ జరుపుకోవడానికి. అది తర్వాత చాలా పనికొచ్చింది. కోసిన అంచులన్నిటికీ జింక్ ప్రైమర్.

గుర్తు పెట్టుకోవడానికి తిలకం సీసా వాడాను. పిన్ను కొనకు చుక్క పెట్టి, బానెట్ మెల్లగా దించి ఎత్తితే లోపలి వైపు బొట్టు పడుతుంది. అక్కడ 3 మి.మీ. డ్రిల్లు పైకి వేస్తే పై నుంచి సెంటర్ దొరుకుతుంది. మధ్య గీత నుంచి కొలిస్తే రెండు వైపులకూ 4 మి.మీ. తేడా వచ్చింది. ఫైబర్ మౌల్డుల సంగతి అంతే. ఇలాంటప్పుడు జరపాల్సింది పిన్నునే, లాచ్‌ని కాదు. కింద పిన్ను పక్కకు ఉంటే ఎవరికీ కనిపించదు, పైన లాచ్ పక్కకు ఉంటే దారినపోయేవాళ్లు కూడా చెబుతారు.

ఇంకో సంగతి. బానెట్ నిట్టనిలువుగా దిగదు, వెనక కీలు చుట్టూ తిరుగుతూ దిగుతుంది. అందుకే పిన్నుని ఆ తిరుగుడుకు తగ్గట్టు కొద్దిగా వంచి పెట్టాలి, లేకపోతే దిగేటప్పుడు లాచ్ రంధ్రం అంచుకు గీసుకుంటుంది. పిన్నులోని రంధ్రం కూడా బోల్టు జారే దిక్కుకే తిరిగి ఉండాలి.

కోతకు ముందు లాచ్ వచ్చేచోట అడుగున రెండు పొరలు గ్లాస్ మ్యాట్ (గాజు నార చాప) వేసి, రెజిన్ బాగా గట్టిపడనిచ్చాను. తర్వాత పైనా కిందా మాస్కింగ్ టేపు, దాని మీద కాగితం టెంప్లేట్. మూలల్లో 8 మి.మీ. రంధ్రాలు, మధ్యలో సన్న పళ్ల బ్లేడుతో జిగ్‌సా. గీతకు ఒక మిల్లీమీటరు లోపలే ఆపి, మిగతాది ఆకురాయితో. మా డెంటింగ్ మేస్త్రీ చూసి "కొత్త బానెట్‌కి ఇంత బొక్క పెట్టినవ్ ఏంది భాయ్" అన్నాడు. ఫైబర్ దుమ్ము ఒంటికి తగిలితే రాత్రంతా దురదే. ఫుల్ చేతుల చొక్కా, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. కోసిన అంచుకు రెజిన్ పూయకపోతే నీళ్లు పీల్చుకుంటుంది.

లీవర్ కీలు ముందు వైపుకు వచ్చేలా బిగించాను. పొరపాటున సరిగా మూయకపోయినా గాలి దాన్ని కిందికే నొక్కుతుంది. లాచ్ బాడీ నైలాన్, స్క్రూలు బలంగా తిప్పితే పగులుతుంది. చేత్తో బిగించి, ఇంకో పావు తిప్పు చాలు.

ఎత్తు సెట్టింగ్ సులువు. పిన్ను ఎం10 (10 మి.మీ. మర), నట్టు ఒక చుట్టు తిప్పితే 1.5 మి.మీ. మారుతుంది. బానెట్ రబ్బరు బుష్‌ల మీద కొద్దిగా నొక్కుకుని కూర్చోవాలి. వదులైతే గడగడ, మరీ బిగువైతే బటన్ నొక్కడానికి బొటనవేలు సరిపోదు.

ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్) మీద 100లో నడిపి చూశాం. పక్క సీట్లో తమ్ముడు వీడియో తీశాడు. మూలలు కదల్లేదు, మధ్యలో మాత్రం ఫైబర్ సన్నగా వణుకుతోంది. లోపల అడ్డంగా ఒక రిబ్ (బిగువు కోసం పట్టీ) అంటించాలి. వాన పడితే లాచ్‌ల గుండా కారే నీళ్లు హెడ్‌లైట్ కనెక్టర్ల మీద పడకుండా రబ్బరు కప్పులు కూడా వెతకాలి. ఈ రెండూ అయ్యాకే పెయింటింగ్‌కి.

రోడ్డు మీద తిరిగే, ఇనుప బానెట్ ఉన్న బండికి ఇవి పెడదామా అని అడిగేవాళ్లకు నా సలహా: వద్దు. కంపెనీ లాక్‌కి రెండో కొక్కెం ఉంటుంది, మొదటిది ఊడినా అది ఆపుతుంది. అందం కోసం దాన్ని పీకేయడం దండగ.