యాంటిసిపేట్ అంటే ఎదురుచూడటం ఒక్కటేనా?

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల నోట్సుల్లో ‘యాంటిసిపేట్’ పక్కన ‘ఎక్స్‌పెక్ట్’ అని ఒక్క మాటే ఉంటుంది. సినానిమ్స్ ప్రశ్నకు అది మార్కు తెచ్చిపెడుతుంది. ఖాళీలు పూరించేటప్పుడు, ఉత్తరం రాసేటప్పుడు మాత్రం చాలదు.

ఈ మాట మూలం లాటిన్. ‘యాంటె’ అంటే ముందు, ‘కాపెరె’ అంటే పట్టుకోవడం. వచ్చేదాన్ని పసిగట్టి, అది రాకముందే తగిన పని చేసిపెట్టడం దీని అసలు బలం. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు జనం పోటెత్తుతారని అనుకుంటే అది ఎక్స్‌పెక్ట్. అనుకుని ఊరుకోకుండా, అలిపిరి దగ్గర పార్కింగ్, కొండకు అదనపు బస్సులు ముందే సిద్ధం చేస్తే యాంటిసిపేట్. ఇంగ్లీషు పత్రికలు రెండింటినీ ఒకే అర్థంలో వాడుతున్నాయి, నిఘంటువులూ ఒప్పుకున్నాయి. అయినా తేడా నిలుపుకోవాలనే నేనంటాను. కోర్టు వార్తల్లో ‘యాంటిసిపేటరీ బెయిల్’ చూడండి. అరెస్టు చేస్తారేమోనన్న భయంతో ముందే కోర్టుకెళ్లి తెచ్చుకునే బెయిల్ అది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 438వ సెక్షన్; 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 482వ సెక్షన్. మన పత్రికలు ‘ముందస్తు బెయిల్’ అని చక్కగా తెలుగు చేశాయి.

ఇంకో అర్థం చాలామంది కంట పడదు: ఒకరి కంటే ముందే ఒక ఆలోచన చేసి ఉండటం. 17వ శతాబ్దంలో జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ చెప్పిన, ‘పై’ (π) విలువను లెక్కగట్టే శ్రేణిని కేరళ గణితవేత్త మాధవుడు అంతకు చాలా ముందే కనిపెట్టాడు. ఇంగ్లీషులో ‘మాధవ యాంటిసిపేటెడ్ లైబ్నిజ్’ అంటారు. ఇక్కడ ‘ఎదురుచూశాడు’ అని రాస్తే అర్థమే తారుమారు.

పర్యాయపదాల్లో ఎక్కువ తప్పులు వచ్చేది ‘అవెయిట్’ దగ్గర. తెలుగులో ‘బస్సు కోసం’ ఎదురుచూస్తాం కాబట్టి ఆ ‘కోసం’ ఇంగ్లీషులోకీ వెళ్లి ‘అవెయిట్ ఫర్’ అవుతుంది. ‘వెయిట్’కు ‘ఫర్’ కావాలి, ‘అవెయిట్’కు అక్కర్లేదు: ‘వియ్ అవెయిట్ యువర్ రిప్లై’. ‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘మీట్’ కాదు, ‘మీటింగ్’. ఆ ‘టు’ ప్రిపోజిషన్, అందుకే దాని తర్వాత ఐఎన్‌జీ రూపం వస్తుంది. ‘ఎక్స్‌పెక్ట్’ తర్వాత ‘టు రీచ్’, ‘యాంటిసిపేట్’ తర్వాత ‘రీచింగ్’. ‘యాంటిసిపేట్ టు రీచ్’ అని రాస్తే ఎర్రర్ స్పాటింగ్‌లో మార్కు పోయినట్టే.

‘ఫోర్‌సీ’ అంటే ముందే గ్రహించడం. ‘ప్రెడిక్ట్’ అంటే బయటికి చెప్పడం. వాతావరణ శాఖ చెప్పేది ‘ఫోర్‌కాస్ట్’. నవంబరు వాయుగుండం గురించి శాఖ ఫోర్‌కాస్ట్ ఇస్తుంది, దాన్ని నమ్మి కాలువల్లో పూడిక తీయించిన మున్సిపాలిటీ యాంటిసిపేట్ చేసినట్టు. రాబోయేదాన్ని అడ్డుకుంటే ‘ఫోర్‌స్టాల్’.

మనసు ఎటు మొగ్గుతోందో కూడా చూడాలి. తోతాపురి మామిడికి మంచి ధర పలకాలని చిత్తూరు రైతు కోరుకోవడం ‘హోప్’, పడిపోతుందేమోనన్న గుబులు ‘అప్రిహెన్షన్’. ‘యాంటిసిపేషన్’ రెండు వైపులా వెళ్తుంది, ఉత్సాహం పాళ్లు మాత్రం కాస్త ఎక్కువ. సినిమా గురించి రాసేటప్పుడు ‘మచ్ యాంటిసిపేటెడ్’, ‘లాంగ్ అవెయిటెడ్’ రెండూ కుదురుతాయి. ‘మచ్ ఎక్స్‌పెక్టెడ్’ అనరు.

పలికేటప్పుడు ‘యాంటిసిపేట్’లో రెండో అక్షరం ‘టి’ మీద ఒత్తు, ‘యాంటిసిపేషన్’లో ‘పే’ మీద.

ఇక ఆఫీసు ఉత్తరాలు. పై అధికారికి ‘ఐ ఎక్స్‌పెక్ట్ యూ టు శాంక్షన్’ అని రాస్తే ఆజ్ఞాపించినట్టు ఉంటుంది. ‘ఐ హోప్ యూ విల్’ మర్యాద. మన దరఖాస్తుల చివర వచ్చే ‘థ్యాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్’లో కూడా, పని అయిపోయినట్టే లెక్కేసి ముందే కృతజ్ఞత చెప్పేయడం ఉంది. సెలవు చీటీకి పర్వాలేదు. ఉద్యోగ దరఖాస్తులో, యూనివర్సిటీకి రాసే వినతిలో ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఫర్ యువర్ కన్సిడరేషన్’ అని రాయండి.