బెల్లానికి చేదు మాత్ర: నాలుగు వారాల లెక్క

మా పిల్లి బెల్లానికి ఆరేళ్ళు, బరువు 4.1 కిలోలు. ఫిబ్రవరిలో దగ్గు మొదలైంది. నేలకు కరుచుకుపోయినట్టు కూర్చుని, మెడ ముందుకు చాచి ఖర్ ఖర్ మంటుంటే వెంట్రుకల ఉండ కక్కబోతోందేమో అనుకుని కొన్నాళ్ళు వదిలేశాను, కానీ ఎంతసేపు దగ్గినా ఏమీ కక్కేది కాదు. చివరికి ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్ గారికి చూపించాను, ఆయన ఎక్స్‌రే తీయించి ఆస్తమా అన్నారు. పిల్లి నిద్రపోతున్నప్పుడు ఊపిరి నిమిషానికి 30 లోపు ఉండాలట, దీనికి 44 వచ్చింది. మందు ప్రెడ్నిసొలోన్, రోజుకు 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, రెండు వారాల తర్వాత సగం. ఇది మా పిల్లికి మా డాక్టర్ చెప్పిన లెక్క, మీ పిల్లికి మీ డాక్టర్ చెప్పిందే వాడండి. మధ్యలో మీ అంతట మీరు ఆపేయొద్దని మాత్రం ఆయన మూడుసార్లు చెప్పారు. అంటే ఒక్క రోజు కూడా తప్పకుండా లోపలికి పోవాలి. ఆ మాత్ర ఎంత చేదంటే, పొడి అంటిన వేలు ఒకసారి నాలిక్కి తగిలించి చూశాను, అరగంట వరకు నోరు మామూలు కాలేదు.

మార్చి 21. నోరు తెరిచి వేయడంతో మొదలుపెట్టాం. అమ్మ తువ్వాలులో చుట్టి పట్టుకుంది, నేను వేశాను. మాత్ర నాలుక మీదే కరిగింది, నోటి నిండా తెల్లటి నురగ, ఇల్లంతా పరుగు. విషం ఎక్కిందేమోనని భయపడిపోయాను. చేదు తగిలితే పిల్లులకు అలా నురగ రావడం మామూలేనని డాక్టర్ ఫోన్‌లో చెప్పారు. నురగ సంగతి సరే, ఆ పెనుగులాటకి దాని డొక్కలు ఎగిసిపడటం చూశాక ఊపిరి బాగుపడాలని ఇచ్చే మందుకి ఊపిరే ఆడకుండా చేయడం నాకు మనసొప్పలేదు. ఇక తిండిలోనే పెట్టాలని ఆ రాత్రే అనుకున్నాను.

మార్చి 22. ఇక్కడ పెద్ద తప్పు చేశాను. మాత్ర పొడి చేసి గిన్నెడు తిండిలో కలిపేశాను. రెండుసార్లు మూతి పెట్టి వెళ్ళిపోయింది. ఎంత మందు పోయిందో లెక్క లేదు, పైగా తను రోజూ ఇష్టంగా తినే ఆ తిండినే నాలుగు రోజులు ముట్టలేదు. పిల్లులు రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది, అందుకే ఆ నాలుగు రోజులూ వేరే తిండి పెట్టుకుంటూ టెన్షన్‌తో గడిపాను. కడుపు నింపే తిండిలో మందు కలపకండి. మందుకి వేరే తిండి ఉండాలి, అది మందు వేళకి తప్ప ఇంకెప్పుడూ కనపడకూడదు.

ఆ వారమంతా వంటింట్లో ప్రయోగాలే. పెరుగులో వేస్తే చేదు మొత్తానికి పాకింది. ఆస్తమాకి ముందు దీనికి ఒకసారి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడాం, ఆ మందుని మాత్రం పాలు, పెరుగుతో అసలు ఇవ్వకూడదు, కాల్షియం దాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. బెల్లం అని పేరు పెట్టుకున్నాం గానీ పిల్లి జాతికే తీపి రుచి తెలియదు, అందుకని తేనె, పంచదార పాకం లాంటివి వాటి మీద పనిచేయవు. వాటికి కావలసింది వాసన. చల్లటి ముక్కకి వాసన రాదు, ఫ్రిజ్‌లోంచి తీసింది గోరువెచ్చగా చేశాకే పెట్టాలి.

అమ్మ నెయ్యి పూయమంది. బిళ్ళకి నెయ్యి పూసి పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే పైన తెల్లగా పొర కట్టింది. మొదటి రోజు గుటుక్కున మింగేసింది, నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మరునాడు విశాఖ ఉక్కకి ఆ నెయ్యి నా వేళ్ళ మధ్యే కరిగిపోయి బిళ్ళ బయటపడింది. చలికాలంలో పనికొస్తుందేమో, మార్చిలో కాదు.

అసలు దారి దొరికింది 28న. మందుల షాపులో అడిగితే 4వ నంబరు ఖాళీ క్యాప్సూల్స్ తెప్పించి ఇచ్చారు. మాత్రని రెండు ముక్కలు చేస్తే అందులో పడుతుంది. జిలాటిన్‌కి రుచీ పచీ ఉండదు, చేదు లోపలే ఉండిపోతుంది. (ఏ మాత్ర పడితే ఆ మాత్ర విరవకూడదు, పైన పూత ఉన్నవి కొన్ని విరిస్తే పనిచేయవు, డాక్టర్‌ని అడిగే చేయాలి.) తడి తగిలితే క్యాప్సూల్ మెత్తబడి అతుక్కుపోతుంది, అందుకని పెట్టే ముందు నిమిషంలోనే ముద్దలో దూర్చాలి. మిగతావి చిన్న డబ్బాలో కాసిని బియ్యం వేసి మూత బిగించి ఉంచాను. స్ట్రిప్ చప్పుడు వింటే మంచం కిందికి దూరిపోయేది, ఇప్పుడు మూడు రోజులకి సరిపడా పక్కగదిలో ముందే నింపి పెట్టుకుంటున్నాను.

ముద్దకి కానాగంత చేప. పూర్ణా మార్కెట్‌లో అర కిలో తెచ్చి, ఉప్పు, పసుపు ఏమీ లేకుండా ఉత్తి నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, ముళ్ళు వేళ్ళతో వెతికి వెతికి తీసి, ఫోర్క్‌తో మెదిపితే మైనంలా ముద్దకట్టింది. రొయ్య కూడా చూశాను, జారుడు ఎక్కువ, క్యాప్సూల్ నిలవదు. ఎండు నెత్తళ్ళకి ప్రాణం ఇస్తుంది గానీ వాటి నిండా ఉప్పే. పులుసులో ముక్క కడిగి పెడితే పోదా అని పక్కింటి పిన్ని అడిగారు. వద్దు పిన్నీ అన్నాను, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాల్ని పాడు చేస్తాయి, ముక్కకి పట్టిన సారం కడిగితే పోదు.

పెట్టే తీరు ఇది. శనగగింజంత ముద్దలు మూడు. మొదటిది ఉత్తిది, రెండోదాంట్లో క్యాప్సూల్, మూడోది దాని కళ్ళ ముందే నా చేతిలో సిద్ధంగా. మూడోదాని మీద ఆశతో రెండోది నమలకుండా మింగేస్తుంది. తర్వాత చేప ఉడికించిన నీళ్ళు ఒక చెంచా గిన్నెలో పోస్తాను, మాత్ర గొంతులో ఆగిపోకుండా. డాక్సీసైక్లిన్ అయితే ఇది తప్పనిసరి, గొంతులో ఆగిందంటే లోపల పుండు పడుతుంది.

29, 30, 31 మూడు రోజులూ సాఫీగా పోయింది. ఏప్రిల్ 1న రెండో ముద్ద వాసన చూసి మొహం తిప్పేసింది. 2న కూడా అంతే, రెండు రోజులూ మళ్ళీ మళ్ళీ కొత్త ముద్దలు చేసి గంట కూర్చుంటే గానీ పోలేదు. చేప పాతదా, క్యాప్సూల్ పగిలిందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. 3వ తేదీ డబ్బా తీసి లైట్ కింద చూస్తే క్యాప్సూల్ పైన సన్నగా తెల్లటి పొడి ఉంది, నా బొటనవేలి గీతల్లో కూడా. మాత్ర విరిచిన చేత్తోనే క్యాప్సూల్ మూసి, అదే చేత్తో ముద్ద చేస్తున్నాను! మనకి కనపడనంత పొడి కూడా దాని నాలిక్కి చాలు. అప్పట్నుంచి మాత్ర విరిచాక సబ్బుతో చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, నింపిన క్యాప్సూల్‌ని పొడి గుడ్డతో తుడిచి డబ్బాలో వేస్తున్నాను. ముద్దలు వేరే చేత్తో. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఒక్కసారి కూడా తిప్పికొట్టలేదు. నాలుగు వారాల్లో నేను నేర్చుకున్న వాటిలో ఇదే అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

ఏప్రిల్ 4 నుంచి సగం మాత్ర. ఈ మందుకి ఆకలీ దాహం పెరుగుతాయి, ముద్ద కోసం తనే ముందొచ్చి కూర్చుంటోంది. నీళ్ళ గిన్నె ఇంకోటి పెట్టాను. నిద్రలో ఊపిరి 10న 31, 14న 26. ఆ 26 చూసిన రాత్రి అమ్మని లేపి మరీ చెప్పాను.

ఇప్పుడు చేపల సమస్య. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, 61 రోజులు. తాజా కానాగంత దొరకడం కష్టం. 13న రెండు కిలోలు తెచ్చి ఉడికించి, ముళ్ళు తీసి, ఐస్ ట్రేలో పెట్టి గడ్డ కట్టించాను, గడికి ఒక రోజు చొప్పున 28 గడులు. అవి అయిపోయేలోపు కోడిమాంసానికి అలవాటు చేయాలి. ఉత్తి చికెన్ దీనికి అంతగా నచ్చదు, అందుకని ఉడికించిన కార్జం గోరంత కలుపుతున్నాను. కార్జం రోజూ ఎక్కువ పెడితే విటమిన్ ఏ మోతాదు మించుతుంది, గోరంత చాలు.

ఏప్రిల్ 18. మందు లేని చికెన్ ముద్దలు సాయంత్రం మూడు పెట్టాను. మొదటిదాన్ని కాలితో దొర్లించి చూసింది, రెండోది నాకింది, మూడోది తినేసి నా చెయ్యి వాసన చూస్తూ నిలబడింది. ఇంకో వారం ఉత్తివే పెడతాను, మందు మాత్రం పొద్దున చేపలోనే.