లేబుల్ లేని సోఫా

గోడవారన దించిన మూడు సీట్ల సోఫాను విప్పడానికి నేను పనిముట్లు సర్దుకుంటుండగా, మా పర్యవేక్షకురాలు వచ్చి, దిండ్లు ఎత్తి, అడుగునున్న నల్లగుడ్డ అంచులు తడిమి, లేబుల్ లేదు కాబట్టి దీని మీద చెయ్యి వేయవద్దని, మీ దేశంలో ఎలా ఉన్నా ఇక్కడ చట్టమంటే చట్టమేనని అందరి ముందూ అన్నారు. ఆ మాటలో రెండో సగం నన్ను నొప్పించింది. మొదటి సగం గురించి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇంగ్లండులో, జనం వదిలేసిన సామాను బాగుచేసి అమ్మే వర్క్‌షాపులో నా పని. 1988లో వచ్చిన అగ్నిభద్రత నిబంధనల ప్రకారం ఇళ్లలో వాడే సోఫాల ఫోమూ పైగుడ్డా నిప్పు పరీక్షల్లో నెగ్గాలి. పాత సామానుకు ఆ పరీక్షల్లో నెగ్గిందని చెప్పే లేబులే ఆధారం కనుక, అది లేనిదాన్ని విరాళాలతో నడిచే దుకాణాలు తీసుకోవు. ఇందులోని న్యాయాన్ని నేను కాదనను. 1979లో మాంచెస్టర్‌లో ఒక పెద్ద దుకాణంలోని సోఫాలు అంటుకొని పది మంది చనిపోయారు. సోఫాల్లో కూరే పాలీయురేథేన్ ఫోమ్ కాలితే వచ్చే విషపు పొగలో మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు.

అయితే లేబుల్ హామీ ఇచ్చేది ఫోముకూ గుడ్డకూ మాత్రమే, కర్రకు కాదు. ఆ సోఫా చేతి కింద గుడ్డ చిరిగిన చోట వేళ్లు పెట్టి చూశాను. బీచ్ అనే చెట్టు కర్రతో చేసిన చట్రం, మూలల్లో గట్టి అతుకులు, రెండు చేతులా పట్టి ఊపినా కిర్రుమనలేదు. అడుగు గుడ్డతో మొదలుపెట్టి చివరకు సీటు దాకా విప్పి, పాత గుడ్డ ముక్కలనే కొత్త కత్తిరింపుకు కొలతలుగా ఉంచుకొని, జనపనార నవారును బద్దతో బిగలాగి చీలలు కొట్టి, స్ప్రింగులను పురికొసతో ఎనిమిది వైపులా కట్టి, నిబంధనలకు సరిపడే కొత్త ఫోమూ గుడ్డా వేస్తే, అందులో పాతది కర్ర తప్ప మరేం మిగులుతుంది? నవారు మంచాలున్న ఇంట్లో పెరిగిన చేతులకు ఆ బిగువు ఎంతో ఒకరు చెప్పవలసిన పని లేదు.

1950కి ముందు తయారైన సామానుకు ఈ నిబంధనలు వర్తించవు. అందువల్ల గుర్రపు వెంట్రుకలు కూరిన తాతల నాటి కుర్చీ మా బల్ల మీదికి గౌరవంగా వస్తుంది, ఎవరో లేబుల్ కత్తిరించేసిన నిన్నటి సోఫా చెత్త లారీ ఎక్కుతుంది. మంటలు అడ్డుకోవడానికి కలిపిన కొన్ని రసాయనాలే పర్యావరణంలో నశించకుండా మిగిలిపోతున్నందున, అవి ఉన్న సోఫాలు చెత్తలోకి వస్తే పూడ్చిపెట్టకుండా కాల్చివేయాలని 2023 నుంచి ఇక్కడ గట్టిగా అమలు చేస్తున్నారు. నిప్పు నుంచి కాపాడాలని చేసిన వస్తువు చివరకు కొలిమికే పోవడం నాకు మింగుడుపడదు.

మన దగ్గర దూదేకుల మనిషి గుమ్మంలోకి వచ్చి పరుపును మళ్లీ పరుపు చేసేవాడు, కర్ర విరిగితే వడ్రంగి మరో ముక్క అతికేవాడు. ఎవరూ కాగితం అడగలేదు. మనకు నిప్పంటే భయం లేక కాదు, కర్రంటే మర్యాద ఉండి. ఈ మాట పర్యవేక్షకురాలితో అంటే, ఆమె కోపగించుకోలేదు. ఒక సోఫాను చట్రం దాకా విప్పి కట్టే కూలి అమ్మే ధరలో రాదని లెక్క చూపించారు. ఆ లెక్క నిజమే. అందుకే, సామాను ఇచ్చేవారికి మేమిచ్చే కాగితంలో లేబుల్ కత్తిరించవద్దన్న ముక్క అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో అచ్చు వేయించమని అడిగాను. వచ్చే విడత కాగితాల్లో వేయిస్తామన్నారు.