ప్రిమ్‌రోజ్ హిల్ మీద పలక

ఆదివారం లండన్ ఫొటో తీద్దామని ప్రిమ్‌రోజ్ హిల్ ఎక్కితే, అక్కడ ఇయోలో మోర్గానుగ్ పేరుతో ఒక పలక. 1792 జూన్‌లో వెల్ష్ కవుల సభ ‘గోర్సెద్’ని ఆయన మొదట పెట్టింది ఇక్కడేనట. ఇంటికొచ్చి రాత్రి ఒంటిగంట దాకా ఆయన గురించే చదువుతూ కూర్చున్నా.

అసలు పేరు ఎడ్వర్డ్ విలియమ్స్, రాళ్లు చెక్కే మేస్త్రీ, నల్లమందు ద్రావకం అలవాటు. గోర్సెద్ డ్రూయిడ్ల (ప్రాచీన బ్రిటన్ పూజారుల) కాలం నుంచీ ఉందన్నాడు కానీ అది ఆయన అల్లిందే. అంతకు మూడేళ్ల ముందు, 14వ శతాబ్దపు మహాకవి దావిద్ అప్ గ్విలిమ్ కవితలు అచ్చవుతుంటే, తను రాసినవి కూడా ఆ కవివేనని చెప్పి అందులో కలిపేయించాడు. మామూలుగా ఎవడైనా పక్కవాడి కవిత తనదంటాడు, ఈయన రివర్స్! వందేళ్లకు పైగా పెద్ద పెద్ద పండితులే నమ్మేశారు.

కోపం రావాలి, నాకైతే నవ్వొచ్చింది, తర్వాత కాస్త జాలి కూడా. వేల్స్‌లోని తన సొంత ప్రాంతం గ్లామోర్గన్‌కి గొప్ప కవిత్వ చరిత్ర ఉండి తీరాలని అంత పంతం మరి.

వెల్ష్ కవిత్వ, సంగీత పోటీల పండగ ఐస్టెద్‌వొద్‌లో గోర్సెద్ ఇప్పటికీ జరుగుతోంది. దాని నినాదం ‘లోకమంతా ఎదురైనా సత్యమే’. అదీ ఈయన పుణ్యమే!

లండన్ ఫొటో ఒక్కటీ లేదు, పలకవి మాత్రం మూడున్నాయి.